ఇంగ్లండ్ శిక్షణ సంస్థల్లో నిధులు, సేఫ్‌గార్డింగ్, సిబ్బంది శిక్షణ: ముందు హాజరు రిజిస్టరు తెరవండి

ప్రశ్న సారాంశం: విజయవాడ దగ్గర ఇంజినీరింగ్ కాలేజీలో లెక్చరర్‌గా పనిచేసి, భర్త ఉద్యోగరీత్యా బర్మింగ్‌హామ్ వచ్చిన ఒక సోదరి అక్కడ ఓ చిన్న ప్రైవేటు శిక్షణ సంస్థలో కాంప్లయన్స్ (నిబంధనలు సరిగా పాటిస్తున్నారో లేదో చూసే) ఉద్యోగంలో చేరారు. ఆ సంస్థ పెద్దవాళ్లకు కొన్ని కోర్సులు, యువతకు కొన్ని అప్రెంటిస్‌షిప్‌లు (ఉద్యోగం చేస్తూ నేర్చుకునే శిక్షణలు) నడుపుతుంది. చేరి ఎన్నాళ్లో కాకముందే డిప్యూటీ సేఫ్‌గార్డింగ్ లీడ్ (అభ్యర్థులను హాని నుంచి కాపాడే పనికి సహాయ బాధ్యురాలు) బాధ్యత కూడా ఆమెకే అప్పగించారు. నిధుల నిబంధనల మీద, పిల్లల రక్షణ మీద, సిబ్బంది శిక్షణ మీద రోజూ మెయిళ్లు వస్తున్నాయట. వాటిలో ఏవి చదవాలి, ఏవి వదిలేయాలి అన్నది ఆమె ప్రశ్న. తనలాగే డిపెండెంట్ వీసాపై వచ్చిన స్నేహితురాళ్లకు ప్రభుత్వ ఖర్చుతో కోర్సులు దొరుకుతాయా అని కూడా అడిగారు.

జవాబు:

నిధులకు ఒక ఫోల్డరు, సేఫ్‌గార్డింగ్‌కు ఒకటి, సిబ్బంది శిక్షణకు ఇంకొకటి పెట్టుకుని, వచ్చిన ప్రతి మెయిలునూ వీటిలో ఏదో ఒకదాంట్లో పడేస్తున్నానని రాశారు. పెద్ద కాలేజీల్లో అలాగే చేస్తారు, ఎందుకంటే అక్కడ ఒక్కో ఫోల్డరుకు ఒక్కో విభాగం ఉంటుంది. మీ దగ్గర మూడూ మీరే. ఈ రంగంలో చాలాకాలంగా, కాలేజీల్లోనూ ప్రైవేటు సంస్థల్లోనూ, ఈ పనే చేస్తున్నవాడిగా చెబుతున్నాను. ఆ మూడు ఫోల్డర్లను కాసేపు పక్కన పెట్టి మీ సంస్థ హాజరు రిజిస్టరు తెరవండి. డబ్బు, రక్షణ, శిక్షణ మూడూ కలిసేది అక్కడే. మెయిల్లో వచ్చిన మార్పు ఏదైనా ఆ రిజిస్టరులోని ఏ గడిని తాకుతుందో తెలిస్తే, ఆ మెయిలుతో ఏం చేయాలో కూడా తెలుస్తుంది.

ఒక ఉదాహరణ ఊహించుకోండి. పదిహేడేళ్ల అమ్మాయి నర్సరీలో అప్రెంటిస్‌గా 2025 సెప్టెంబరు 11, గురువారం మొదలుపెట్టింది. ప్రతి గురువారం మీ దగ్గర క్లాసు. అక్టోబరు 9 దాకా వచ్చింది. 16న, 23న రాలేదు. ట్యూటరు ఆ రెండు గడుల్లోనూ ఏమీ రాయలేదు. గైర్హాజరు అని కూడా గుర్తు పెట్టలేదు, ఖాళీగా వదిలేశాడు. అడిగితే "వస్తుందేమో అనుకున్నాను" అన్నాడు. నవంబరులో ఎవరో గమనించేసరికి ఆ అమ్మాయి పేరు మీద నెలనెలా డబ్బు వస్తూనే ఉంది.

ముందు డబ్బు సంగతి. అప్రెంటిస్‌షిప్‌కైనా, 168 రోజులు లేదా అంతకు మించిన పెద్దల కోర్సుకైనా నిధులు రావాలంటే అభ్యర్థి కనీసం 42 రోజులు చదువులో ఉండాలి. మన ఉదాహరణలో 42వ రోజు అక్టోబరు 22. చదివినట్టు ఆధారం ఉన్న చివరి రోజు అక్టోబరు 9, అంటే 29వ రోజు. ఆ అమ్మాయి ఇక తిరిగి రాకపోతే ఆమె మీద మీకు పైసా రాదు, వచ్చింది వెనక్కి ఇవ్వాలి. చదువు మానేసిన తేదీ అంటే మనకు తెలిసిన తేదీ కాదు, ఫారం నింపిన తేదీ అంతకంటే కాదు. నేర్చుకున్నట్టు ఆధారం చూపగలిగిన ఆఖరి రోజే ఆ తేదీ. ఆడిటరు మొదట అడిగేదీ అదే.

ఇక రక్షణ సంగతి. పద్దెనిమిది నిండని పిల్ల రెండు వారాలు కనబడకపోతే ఎవరూ ఫోన్ చేయలేదు. కారణం చెప్పకుండా పదేపదే రాకపోవడాన్ని ఇక్కడి మార్గదర్శకాలు హెచ్చరికగానే చూస్తాయి. ఇంట్లో హింస, ముఠాల చేతుల్లో చిక్కుకోవడం, బలవంతపు పెళ్లి, మానసిక కుంగుబాటు, వీటిలో ఏదైనా ముందు బయటపడేది ఖాళీ గడిగానే. మూడోది శిక్షణ. ట్యూటరు ఆ గడి ఎందుకు ఖాళీగా వదిలాడు? చెడ్డవాడై కాదు. గైర్హాజరైన రోజు మధ్యాహ్నంలోపు ఎవరికి చెప్పాలో అతనికి ఎవరూ నేర్పలేదు. ఇండక్షన్‌లో చూపించిన స్లైడుల్లో చట్టాల పేర్లన్నీ ఉన్నాయి గానీ ఈ ఒక్క మాట లేదు.

కాబట్టి మీ మొదటి నెల పని పాలసీలు తిరగరాయడం కాదు. ఖాళీ గడి అనేదే లేకుండా చూడండి. వచ్చారు, రాలేదు, ఆలస్యం, ముందే చెప్పి సెలవు: ఏదో ఒకటి ఆ రోజే పడాలి. రాలేదు అంటే ఆ రోజే ఒక ఫోన్, ఎవరు చేశారు, ఎవరు ఎత్తారు, ఏం చెప్పారు అన్నది రెండు వాక్యాల్లో రాసి ఉండాలి. ఒక్కొక్కరికి ఒకటికి మించి అత్యవసర ఫోన్ నంబర్లు ఉంచుకోవాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. చాలా సంస్థల ఫారాల్లో రెండో నంబరు చోట మొదటి నంబరే మళ్లీ రాసి ఉంటుంది. అది ఈ వారమే సరిచేసుకోదగ్గ పని.

ఇప్పుడు నిధుల మార్పుల గురించి. ముందు ఏ వార్త ఏ తలుపు నుంచి వస్తుందో తెలుసుకోవాలి, ఎందుకంటే ఈ మధ్య తలుపులే మారాయి. ఏళ్ల తరబడి మనకు డబ్బు పంపిన ఈఎస్‌ఎఫ్‌ఏ అనే ఏజెన్సీ 2025 మార్చి 31న మూతపడి విద్యాశాఖలో కలిసిపోయింది. అప్రెంటిస్‌షిప్ ప్రమాణాలు తయారుచేసే ఇన్‌స్టిట్యూట్ స్థానంలో 2025 జూన్‌లో స్కిల్స్ ఇంగ్లండ్ వచ్చింది. సెప్టెంబరులో ప్రభుత్వం మళ్లీ సర్దుబాటు చేసి అప్రెంటిస్‌షిప్‌లు, పెద్దల నైపుణ్య విద్య, స్కిల్స్ ఇంగ్లండ్, ఈ మూడింటినీ పని, పింఛన్ల శాఖ కిందికి మార్చింది. పదహారు నుంచి పంతొమ్మిదేళ్ల వారి చదువు మాత్రం విద్యాశాఖ దగ్గరే ఉంది. పాత మార్గదర్శక పత్రాల్లో ఇంకా ఈఎస్‌ఎఫ్‌ఏ పేరు కనిపిస్తే కంగారు పడకండి. ఆఫీసు బోర్డు మారింది గానీ ఒప్పందంలోని బాధ్యతలు అలాగే ఉన్నాయి. మీ సొంత పాలసీల్లో మాత్రం ఆ పేరు ఉంచకండి. తనిఖీకి వచ్చినవారికి అది చూడగానే ఈ పత్రాన్ని ఎవరూ చదవడం లేదని తెలిసిపోతుంది.

మీ పెద్దల కోర్సులకు ఇంకో చిక్కు ఉంది. 2024 ఆగస్టు నుంచి ఆ పద్దుకు అడల్ట్ స్కిల్స్ ఫండ్ అని పేరు. ఇంగ్లండ్‌లో చాలా ప్రాంతాల్లో ఈ డబ్బు కేంద్ర ప్రభుత్వం నుంచి నేరుగా రాదు. లండన్‌లో గ్రేటర్ లండన్ అథారిటీ, మీ దగ్గర వెస్ట్ మిడ్‌లాండ్స్ కంబైన్డ్ అథారిటీ, ఇలా ప్రాంతీయ సంస్థలు 2019 నుంచి పంచుతున్నాయి. ఏ నిబంధన వర్తిస్తుందన్నది క్లాసు ఎక్కడ జరుగుతుందో చూసి కాదు, అభ్యర్థి ఇంటి పోస్ట్‌కోడ్ చూసి తేలుతుంది. బర్మింగ్‌హామ్‌లో ఉన్నవారికి వెస్ట్ మిడ్‌లాండ్స్ నిబంధనలు. లెస్టర్ నుంచి రైలెక్కి వచ్చే వ్యక్తికి జాతీయ నిబంధనలు. మీ సంస్థకు జాతీయ నిధుల ఒప్పందమే లేకపోతే, ఆ లెస్టర్ మనిషికి ఆ డబ్బుతో చదువు చెప్పలేరు. చేర్చుకునే రోజున పోస్ట్‌కోడ్ చూడకపోతే ఏడాది చివర్లో చూస్తారు, అప్పటికి ట్యూటరు జీతం ఇచ్చేసి ఉంటారు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం ఇక్కడ నిత్యం చూస్తుంటాను.

అప్రెంటిస్‌షిప్ నిబంధనల్లో మీరు తెలుసుకోవలసిన మార్పులు ఎక్కువే గానీ, మీ సంస్థకు పనికొచ్చేవి కొన్నే. 2025 ఆగస్టు 1 నుంచి కనీస వ్యవధి 12 నెలల నుంచి 8 నెలలకు తగ్గింది. అదే నెల నుంచి యువతకు తొలిమెట్టు లాంటి ఫౌండేషన్ అప్రెంటిస్‌షిప్‌లు మొదలయ్యాయి. పంతొమ్మిదేళ్లు నిండాక చేరినవారికి ఇంగ్లీషు, గణితం పరీక్షలు తప్పనిసరి అన్న షరతును 2025 ఫిబ్రవరిలో తీసేశారు. అవి ఉండాలా వద్దా అన్నది యాజమాన్యం నిర్ణయించుకుంటుంది. పంతొమ్మిది నిండకముందు చేరినవారికి ఆ షరతు అలాగే ఉంది. లెవెల్ 7కు (మాస్టర్స్ డిగ్రీ స్థాయి) 2026 జనవరి నుంచి దాదాపుగా 22 ఏళ్లలోపు వారికే నిధులు. మీరు లెవెల్ 7 నడపరు కాబట్టి దాని గురించి వచ్చే మెయిళ్లు చదవకుండానే వదిలేయండి. నా లెక్కన సగం మెయిళ్లు ఇలాంటివే.

ఈ మార్పుల్లో అందరూ తడబడేది తేదీల దగ్గర. కొత్త నిబంధన సాధారణంగా ఆ తేదీన లేదా తర్వాత చేరినవారికి వర్తిస్తుంది. కొన్ని మాత్రం అప్పటికే చదువుతున్నవారికి కూడా. నిబంధనల పుస్తకం మొదట్లో మార్పుల సారాంశం ఉంటుంది. మొత్తం చదవడానికి తీరిక లేకపోతే ఆ సారాంశమైనా చదివి, ప్రతి మార్పు పక్కన "ఎవరికి, ఏ తేదీ నుంచి, మా దగ్గర ఎవరి పని" అని మూడు మాటలు రాసుకోండి. ఏడాది మధ్యలోనూ సవరించిన ప్రతులు వస్తాయి. కాబట్టి కంప్యూటర్‌లో దాచుకున్న ప్రతిని కాకుండా ఎప్పుడూ ప్రభుత్వ వెబ్‌సైటులో ఉన్నదాన్నే తెరవండి.

డబ్బు ఎలా వస్తుందో మీ యజమానికీ ఒకసారి గుర్తుచేయడం మంచిది. అప్రెంటిస్ ధరలో 80 శాతం చదివే నెలల మీద సమానంగా పంచి ఇస్తారు. మిగిలిన 20 శాతం పూర్తయ్యాకే. కాబట్టి మధ్యలో మానేసిన ప్రతి మనిషీ చివరి విడతను తీసుకుపోతాడు. మూడు మిలియన్ పౌండ్లకు మించి జీతాల బిల్లు ఉన్న కంపెనీలు అప్రెంటిస్‌షిప్ లెవీ అనే పన్ను కడతాయి. మిగతా చిన్న యాజమాన్యాలు సాధారణంగా శిక్షణ ధరలో 5 శాతం తమ వంతు ఇవ్వాలి. కానీ 2024 ఏప్రిల్ నుంచి ఆ చిన్న యాజమాన్యాల దగ్గర 22 ఏళ్లలోపు అప్రెంటిస్‌లకు ఆ వంతు కూడా లేదు. ఆ 5 శాతం నిజంగా బ్యాంకులో పడిందా అన్నది ఆడిట్‌లో చూస్తారు. ఇన్వాయిస్ పంపాం అంటే చాలదు. అదనపు సాయం అవసరమైన అభ్యర్థికి నెలకు 150 పౌండ్ల లెర్నింగ్ సపోర్ట్ వస్తుంది. అది అడిగిన ప్రతి నెలలోనూ నిజంగా ఏం సాయం చేశారో రాసి ఉండాలి. "డిస్‌లెక్సియా ఉంది" అన్నది సాయం కాదు. "రంగు కాగితంపై నోట్సు ఇచ్చాం, ఫలానా రోజు ట్యూటరుతో అరగంట విడిగా కూర్చున్నారు" అన్నది సాయం.

ఐఎల్‌ఆర్ అనే అభ్యర్థుల డేటా ఫైలును ఏడాదికి 14 సార్లు పంపుతాం. ఆఖరిది అక్టోబరులో. పంపిన ప్రతిసారీ తప్పుల నివేదిక వస్తుంది. దాన్ని డేటా అమ్మాయికి వదిలేయకుండా మీరే చూడండి. తప్పులన్నీ సున్నా అయినంత మాత్రాన డేటా నిజమని కాదు. ఫైలు లెక్క ప్రకారం సరిగా ఉందని మాత్రమే. రిజిస్టరులో లేని మనిషి ఐఎల్‌ఆర్‌లో హాయిగా బతికే ఉండవచ్చు.

సేఫ్‌గార్డింగ్ దగ్గర మీరు అడిగిన మొదటి ప్రశ్న: "మాది స్కూలు కాదు కదా, కాలేజీ కూడా కాదు, ఇవన్నీ మాకెందుకు?" 2021లో వచ్చిన విద్య, శిక్షణ (పిల్లల సంక్షేమం) చట్టం మీలాంటి ప్రైవేటు సంస్థలను కూడా కాలేజీల వరుసలోకి తెచ్చింది. అప్పటినుంచి ప్రభుత్వ నిధులతో పద్దెనిమిదేళ్లలోపు వారికి చదువు చెప్పే శిక్షణ సంస్థలన్నీ కీపింగ్ చిల్డ్రన్ సేఫ్ ఇన్ ఎడ్యుకేషన్ అనే మార్గదర్శకాన్ని పాటించాల్సిందే. అది ప్రతి సెప్టెంబరులో కొత్త ప్రతిగా వస్తుంది. 2025 ప్రతిలో మార్పులు పెద్దగా లేవు. చెప్పుకోదగింది ఒకటి: ఆన్‌లైన్ ప్రమాదాల జాబితాలో తప్పుడు సమాచారం, కుట్ర సిద్ధాంతాలను చేర్చారు. 2024 జులైలో సౌత్‌పోర్ట్‌లో పిల్లలపై జరిగిన దాడి తర్వాత దాడి చేసినవాడి గురించి అబద్ధపు వార్త ఎంత వేగంగా పాకిందో, దాని వెనుక ఎన్ని ఊళ్లలో అల్లర్లు జరిగాయో ఇక్కడ ఉన్నవాళ్లందరికీ గుర్తే. వాట్సాప్ గ్రూపుల్లో మన వాళ్లు ఫార్వర్డ్ చేసే సందేశాలు కూడా ఇదే కోవలోవని నా అభిప్రాయం, దాన్ని స్టాఫ్‌రూములో మొహమాటం లేకుండా చెప్పాలి.

ఇక డిప్యూటీ లీడ్‌గా మీ నిజమైన పని కాగితం మీద ఉంటుంది. ఒక ట్యూటరు ఇలా రాసి ఇచ్చాడనుకోండి: "ఈ రోజు అమ్మాయి దిగులుగా ఉంది. ఇంట్లో ఏదో గొడవ ఉన్నట్టుంది. సర్దిచెప్పాను." దీన్ని పట్టుకుని ఎవరూ ఏమీ చేయలేరు. అదే విషయం ఇలా రాసి ఉండాలి: "గురువారం ఉదయం 10.20కి, క్లాసు మధ్య విరామంలో. తను నాతో అన్న మాటలు: 'డిసెంబరులో ఊరికి తీసుకెళ్తున్నారు, తిరిగొచ్చే టికెట్టు లేదు.' నేను 'ఇంకేమైనా చెప్పాలని ఉందా' అని మాత్రమే అడిగాను. తను తల అడ్డంగా ఊపి వెళ్లిపోయింది. 10.45కి సేఫ్‌గార్డింగ్ లీడ్‌కు చెప్పాను." సమయం, ఆమె నోటి మాట యథాతథంగా, నేను అన్నది, నేను చేసింది. అభిప్రాయం ఉంటే "నా అభిప్రాయం" అని విడిగా. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకూడదు, జవాబును మనమే అందించే ప్రశ్నలు అడగకూడదు. సిబ్బందికి గంటసేపు స్లైడులు చూపించేకన్నా ఈ రెండు నోట్లు పక్కపక్కన పెట్టి చూపించండి.

ఆ ఉదాహరణను కావాలనే ఎంచుకున్నాను. 2023 ఫిబ్రవరి 27 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో పెళ్లికి కనీస వయసు 18. తల్లిదండ్రుల అనుమతితో 16 ఏళ్లకు చేసే వీలు పోయింది. పద్దెనిమిది లోపు పిల్లకు పెళ్లి ఏర్పాటు చేయడం, బలవంతం లేకపోయినా, రిజిస్టరు కాని సంప్రదాయ పెళ్లి అయినా, నేరమే. ఇలాంటి విషయం మన భాషలో మాట్లాడే పిల్ల నుంచి వచ్చినప్పుడు మనలాంటి వాళ్లకు ఒక సహజమైన ఆలోచన వస్తుంది. "వాళ్ల అమ్మ నాకు గుడిలో పరిచయమే, ఒక్కసారి మాట్లాడి చూస్తాను." దయచేసి ఆ పని చేయకండి. ఇంట్లో తెలిసిన రోజే ప్రయాణం ముందుకు జరుగుతుంది. ఇక్కడి పోలీసులు, సోషల్ వర్కర్లు దీన్ని ఒకే ఒక్క అవకాశం అన్న నియమంగా చెబుతారు: ఆ పిల్లతో మాట్లాడేందుకు మళ్లీ అవకాశం రాకపోవచ్చు. వెంటనే లీడ్‌కు, లీడ్ నుంచి స్థానిక అథారిటీ పిల్లల విభాగానికి, ప్రమాదం ముంచుకొస్తే నేరుగా అత్యవసర నంబరు 999కి. ప్రభుత్వానికి ఫోర్స్‌డ్ మ్యారేజ్ యూనిట్ అని ప్రత్యేక విభాగమే ఉంది. సలహా కోసం సంస్థలు కూడా దానికి ఫోన్ చేయవచ్చు. కుటుంబ సభ్యులను, ఇరుగుపొరుగువారిని అనువాదకులుగా పిలవకూడదు. మీకు తెలుగు వచ్చు కదా అని మీ చేతే మాట్లాడించబోతే మీరు కూడా ఒప్పుకోవద్దు. బయటి అనువాదకులను తెప్పించమనండి.

పద్దెనిమిది దాటినవారి గురించి చాలా సంస్థల పాలసీలు ఒక పేరా రాసి వదిలేస్తాయి. మీ దగ్గర ఎక్కువ మంది పెద్దవాళ్లే కాబట్టి 2014 కేర్ చట్టం కింద సంరక్షణ అవసరమైన పెద్దల విషయం స్థానిక అథారిటీ పెద్దల విభాగానికి ఎలా వెళ్తుందో ఆ ఫోన్ నంబరుతో సహా రాసి గోడ మీద ఉంచండి. ప్రివెంట్ బాధ్యత, అంటే ఎవరూ తీవ్రవాదం వైపు మళ్లకుండా చూసే బాధ్యత, 2015 చట్టం నుంచి వచ్చింది, దాని సవరించిన మార్గదర్శకం 2023 డిసెంబరు 31 నుంచి అమల్లో ఉంది. మీకు రాతపూర్వకమైన రిస్క్ అసెస్‌మెంట్ ఉండాలి. ఇంటర్నెట్ నుంచి దించుకున్నది వద్దు. మీ వీధి, మీ అభ్యర్థులు, మీ హాలును అద్దెకు తీసుకునేవారి గురించి అందులో ఉండాలి.

డీబీఎస్ (ఉద్యోగుల నేర చరిత్ర తనిఖీ) దగ్గర రెండు తప్పులు తరచూ జరుగుతాయి. మొదటిది, పదహారు, పదిహేడేళ్ల పిల్లలు వర్క్ ఎక్స్‌పీరియెన్స్‌కు వెళ్లే చోట వాళ్లను చూసుకునే ఉద్యోగికి నిషేధిత జాబితాతో (పిల్లలతో పనిచేయకూడనివారి జాబితా) కూడిన ఎన్‌హాన్స్‌డ్ డీబీఎస్ తెమ్మని యాజమాన్యాన్ని అడగడం. అలా అడిగే వీలు లేదని మార్గదర్శకం స్పష్టంగా చెబుతుంది. మనం చేయవలసింది ఆ చోటును ముందే చూసి రావడం, ఎవరికి ఫోన్ చేయాలో పిల్లకు చెప్పడం, మొదటి వారంలోనే పలకరించడం. రెండోది, ఇండియా నుంచి వచ్చిన ట్యూటరుకు డీబీఎస్ శుభ్రంగా వచ్చిందని సంతోషపడటం. డీబీఎస్‌లో ఇండియాలో జరిగినవి కనబడవు. విదేశాల్లో ఉండి వచ్చినవారికి అదనపు తనిఖీ చేయాలి. మన వాళ్ల విషయంలో అది పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్. బ్రిటన్‌లో ఉన్నవారు వీఎఫ్‌ఎస్ ద్వారా దరఖాస్తు చేసుకోవచ్చు. ఇండియా నుంచి బయల్దేరకముందే పాస్‌పోర్టు సేవలో తీసుకుని రమ్మని చెబితే అందరికీ తేలిక. మీది కూడా ఫైల్లో ఉందో లేదో ఒకసారి చూసుకోండి. తనిఖీల రిజిస్టరులో కాంప్లయన్స్ మనిషి గడే ఖాళీగా ఉంటే అంతకంటే ఇబ్బంది ఉండదు.

సిబ్బంది శిక్షణ విషయంలో తప్పనిసరివి నిజానికి తక్కువే. అందరూ ఆ మార్గదర్శకంలోని మొదటి భాగం చదవాలి. పిల్లలతో నేరుగా పని లేనివారికి దాని సంక్షిప్త రూపం ఉంది. చేరగానే సేఫ్‌గార్డింగ్ శిక్షణ, ఆపైన కనీసం ఏటా తాజా విషయాలు. లీడ్, డిప్యూటీలకు రెండేళ్లకోసారి విడిగా శిక్షణ. మీ పేరు డిప్యూటీగా వేసే ముందే అది ఇప్పించమని అడగండి, తర్వాత చూద్దాం అంటే ఒప్పుకోకండి. బాధ్యత ముందు, శిక్షణ వెనుక అన్నది ఈ రంగంలో పాతుకుపోయిన జాడ్యం. ప్రివెంట్‌కు ప్రభుత్వ ఆన్‌లైన్ మాడ్యూళ్లు ఉచితం, వాటికి బయటి కంపెనీకి డబ్బు కట్టకండి. సంతకాల కాగితం ఒక్కటే ఆధారంగా పెట్టుకోవద్దు. విద్యాసంస్థలను తనిఖీ చేసే ఆఫ్‌స్టెడ్ ఇన్‌స్పెక్టర్ సంతకాలు చూడడు. రిసెప్షన్‌లో ఉన్న మనిషిని పక్కకు పిలిచి "ఒక అభ్యర్థి ఇలా చెబితే ఏం చేస్తారు" అని అడుగుతాడు.

2025 నవంబరు 10 నుంచి ఆఫ్‌స్టెడ్ కొత్త పద్ధతి మొదలైంది. ఒకే మాట తీర్పు పోయి రిపోర్ట్ కార్డు వచ్చింది. ఒక్కో అంశానికి అయిదు మెట్ల గ్రేడు ఇస్తారు. సేఫ్‌గార్డింగ్‌కు మాత్రం మెట్లు లేవు: ప్రమాణం అందుకున్నారు, అందుకోలేదు, అంతే. అందుకే మిగతా అన్నింటిలో కాస్త తగ్గినా నడుస్తుంది గానీ, దీంట్లో నడవదు.

ట్యూటర్ల అర్హతల గురించి మీ యజమాని చెప్పింది నిజమే. ఇక్కడ ఫర్దర్ ఎడ్యుకేషన్‌లో (ఎఫ్‌ఈ, అంటే పదహారేళ్లు దాటినవారికి యూనివర్సిటీ బయట చెప్పే చదువు) బోధించడానికి చట్టరీత్యా టీచింగ్ క్వాలిఫికేషన్ 2013 నుంచి తప్పనిసరి కాదు. కానీ నిధులిచ్చే వారు, కాలేజీలు, ఇన్‌స్పెక్టర్లు దాన్ని ఆశిస్తారు. మొదలుపెట్టడానికి లెవెల్ 3 అవార్డు, స్థిరపడాలంటే 2024లో కొత్త రూపంలో వచ్చిన లెవెల్ 5 డిప్లొమా. ఆపైన క్యూటీఎల్‌ఎస్ అనే ఎఫ్‌ఈ టీచర్ల వృత్తి హోదా తీసుకుంటే స్కూళ్లలో కూడా అర్హత గల టీచరుగా గుర్తిస్తారు, ఇది 2012 నుంచి ఉంది. మీకు ఎం.టెక్, బోధనానుభవం ఉన్నాయి. విదేశీ డిగ్రీలను ఇక్కడి వాటితో పోల్చే యూకే ఎనిక్ నుంచి డిగ్రీల పోలిక పత్రం తీసుకుని ఉంచుకోండి. గణితం, కంప్యూటింగ్, ఇంజినీరింగ్, నిర్మాణం వంటి సబ్జెక్టుల్లో, వృత్తిలో మొదటి అయిదేళ్లలో ఉన్న ఎఫ్‌ఈ టీచర్లకు ఏటా 6,000 పౌండ్ల దాకా ప్రోత్సాహకం ఇస్తున్నారు. సంస్థకూ మనిషికీ విడివిడిగా అర్హత షరతులున్నాయి, దరఖాస్తుకు ముందు అవి చూసుకోవాలి. కాంప్లయన్స్‌లో ఉండిపోవాలా, బోధనలోకి వెళ్లాలా అన్న మీ ఊగిసలాటకు నా మాట: వారానికి ఒక క్లాసైనా చెప్పండి. రిజిస్టరు పిలవని కాంప్లయన్స్ అధికారి రాసే నియమాలు ట్యూటర్లు పాటించరు.

మెయిళ్ల గోల తగ్గించుకోవడానికి నేను చేసేది చెబుతాను. నిధుల నిబంధనలకు, రక్షణ మార్గదర్శకానికి, ఆఫ్‌స్టెడ్‌కు ప్రభుత్వ వెబ్‌సైటు నుంచే నేరుగా అలర్టులు పెట్టుకున్నాను. మీ ప్రాంతపు అథారిటీది కూడా ఒకటి చేర్చండి. కన్సల్టెంట్ల వార్తాలేఖలన్నీ ఆపేశాను. అవి సగం భయపెట్టడానికి, సగం అమ్ముకోవడానికి. శుక్రవారం ఉదయం ఒక గంట ఆ అలర్టులు తెరుస్తాను, మిగతా రోజుల్లో తెరవను. జులై, ఆగస్టుల్లో మాత్రం ఈ గంట సరిపోదు. కొత్త ఏడాది ఆగస్టు 1న మొదలవుతుంది, రక్షణ మార్గదర్శకం సెప్టెంబరు 1న. ఆ రెండు నెలల్లో సెలవు పెట్టి ఇండియా వెళ్తానంటే మీ యజమాని ముఖం ఎలా ఉంటుందో ఊహించగలను. టికెట్లు అక్టోబరు చివరికి చూసుకోండి.

మీ స్నేహితురాళ్ల సంగతి. డిపెండెంట్ వీసా మీద ప్రభుత్వ సాయం పొందరాదు అని రాసి ఉంటుంది కాబట్టి కోర్సులు కూడా దొరకవని చాలామంది అనుకుంటారు. అది అపోహ. ఆ నిషేధం భత్యాలకు సంబంధించినది, విద్యా నిధులు ఆ జాబితాలో లేవు. అసలు అడ్డు మరొకటి: బ్రిటన్ పౌరులు కానివారు సాధారణంగా కోర్సు మొదలయ్యే నాటికి ముందు మూడేళ్లుగా ఇక్కడ నివసిస్తూ ఉండాలి, ఆ నివాసం చదువు కోసం వచ్చిన వీసా మీద కాకూడదు. కాబట్టి స్టూడెంట్ వీసాలో ఉన్నవారికి సాధారణంగా వీలుపడదు, స్కిల్డ్ వర్కర్ భార్యగా వచ్చి మూడేళ్లు దాటినవారు అడగవచ్చు. ఉచితమా, సగం రుసుమా అన్నది వయసు, ఆదాయం, కోర్సు స్థాయి బట్టి, మీ ప్రాంతపు అథారిటీ నిబంధనల బట్టి మారుతుంది. వీసాకు ఆధారంగా ఈ-వీసా షేర్ కోడ్ (వీసా వివరాలను ఆన్‌లైన్‌లో ఇతరులకు చూపే కోడ్), నివాసానికి కౌన్సిల్ ట్యాక్స్ బిల్లులు లేదా బ్యాంకు స్టేట్‌మెంట్లు తెచ్చుకోమనండి. చేర్చుకునేది మీ సంస్థే అయితే, మీ స్నేహితురాలి ఫైలును మీరు కాకుండా వేరొకరు తనిఖీ చేసి సంతకం పెట్టాలి.